రబ్బరయ్య పక్కన పడుకున్న డాక్టరు

నేను ఒక బొమ్మను. పిల్లలు ఆడుకునే బొమ్మను కాను, పెద్దలు ప్రాణం నిలబెట్టడం నేర్చుకునే బొమ్మను. నిలువెత్తు మనిషిని. రబ్బరు చర్మం, ప్లాస్టిక్ పుర్రె, ఛాతీ లోపల ఒక ఇనప స్ప్రింగు, ఊపిరితిత్తుల బదులు రెండు సంచులు, కుడి చేతిలో ఎర్ర నీళ్లు పారే సన్నని గొట్టాలు, రెండు తొడల్లో సూది గుచ్చడానికి మెత్తటి స్పాంజి. కళ్లు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. మూసుకునే ఏర్పాటు నన్ను తయారుచేసినవాళ్లు పెట్టలేదు. నా అలసటలో సగానికి అదే కారణమని నా అనుమానం.

ఉత్తరాదిన ఎక్కడో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. వేడి రబ్బరు అచ్చులో పోసి, ఆరాక రెండు చెక్కలు విడదీసి నన్ను బయటికి లాగారు. ఒక పనివాడు నాకు కనుబొమలు దిద్దుతూ పక్కవాడితో కబుర్లలో పడ్డాడు. ఎడమ కనుబొమ కాస్త పైకి పోయింది. అందువల్ల నా మొహంలో ఎప్పుడూ ఒక ఆశ్చర్యం ఉంటుంది. ఆ తర్వాత నన్ను ఎంతమంది ఎన్నిసార్లు చంపినా, మొదటిసారి చస్తున్నవాడిలాగే కనిపించాను.

నన్ను మొదట కొన్నది ఒక ప్రైవేటు నర్సింగు కాలేజీ. అద్దాల బీరువాలో నిలబెట్టి తాళం వేశారు. తనిఖీకి అధికారులు వచ్చే రోజు మాత్రం బయటికి తీసి, దుమ్ము దులిపి, తెల్లచొక్కా తొడిగి బల్ల మీద పడుకోబెట్టేవాళ్లు. అధికారులు నన్ను చూసి తల ఊపి, టిఫిను చేసి వెళ్లేవాళ్లు. మళ్లీ బీరువా. ఆ కాలేజీ పిల్లలు నన్ను అద్దంలోంచి చూసి నర్సులయ్యారు. నేను నలగకుండా, అరగకుండా కొత్తగా ఉన్నానని యాజమాన్యం మురిసిపోయేది.

కొన్నేళ్లకు కాలేజీ మూతపడింది. సామాన్లు తలో చోటికీ పోయాయి. నన్ను ఒక వ్యాను మీద తాళ్లతో కట్టి ఉత్తరాంధ్రలో ఒక జిల్లా ఆసుపత్రి వెనకున్న శిక్షణ కేంద్రానికి పంపారు. దారిలో గాలికి దుప్పటి లేచి నా పాదాలు బయటపడ్డాయి. సైకిలు మీద పోతున్న ఒక ముసలాయన దిగి, చెప్పులు విడిచి, నాకు దణ్ణం పెట్టాడు. మనుషులు నాకు చేసిన మొదటి మర్యాద అది. బతికున్నానో లేదో తెలియకపోయినా చేశాడు.

శిక్షణ కేంద్రంలో నన్ను దించుకున్న మనిషి డాక్టర్ భుజంగరావు. ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరు. పొడుగ్గా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. కళ్ల కింద నల్లటి సంచులు. ఆసుపత్రిలో డ్యూటీ అయ్యాక, చుట్టుపక్కల ఆరోగ్య కేంద్రాల నుంచి వచ్చే నర్సులకూ, ఫార్మసిస్టులకూ, ఊళ్లు తిరిగి టీకాలు వేసే ఏఎన్ఎంలకూ అత్యవసర వైద్యం నేర్పే పని కూడా ఆయన నెత్తినే పడింది. ఎవరూ అడగలేదు, ఆయనే తీసుకున్నాడు. తీసుకున్న మరుసటి వారం నుంచి విసుక్కోవడం మొదలుపెట్టాడు. కానీ మానలేదు.

నాకు రబ్బరయ్య అని పేరు పెట్టింది ఆయనే. క్లాసు అయిపోయి అందరూ వెళ్లాక నా ఊపిరి సంచులు స్పిరిటుతో తుడుస్తూ, "ఏం రబ్బరయ్యా, ఇవాళ ఎంతమంది చేతిలో పోయావు?" అని అడిగేవాడు. ఆయన అడిగేది నన్నే అయినా, జవాబు ఆయనకే తెలుసు.

నిజమే, నేను చాలామంది చేతిలో పోయాను. గుండె మీద నొక్కమంటే పొట్ట మీద నొక్కినవాళ్లు, ఊపిరి ఊదమంటే నా మూతిని చీర కొంగుతో పదిసార్లు తుడిచి ఆఖరికి ఊదకుండానే లేచినవాళ్లు, నా ఛాతీ మీద చేతులుంచి ఫోటో తీయించుకుని అంతటితో చెయ్యి దులిపేసుకున్నవాళ్లు. భోజనాల వేళ దగ్గరపడిందంటే నన్ను మరీ తొందరగా చావనిచ్చేవాళ్లు. పప్పు చల్లారిపోతుందన్న కంగారు ముందు రబ్బరు మనిషి ప్రాణం ఏపాటిది?

ఆ విసుగులోంచే భుజంగరావు గారికి నటన అబ్బింది. చెబితే వినడం లేదని, చేసి చూపించడం మొదలుపెట్టాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ కుర్చీలో ఒరిగిపోయేవాడు. నుదుటి మీద గ్లాసులోని నీళ్లు చల్లుకుని చెమట అనేవాడు. "చెప్పండి, నాకేమైంది? ఊరికే కళ్లు తిరిగాయా? గుండెపోటా? మందు పడలేదా?" అని కళ్లు మూసుకునే అడిగేవాడు. సరిగ్గా చెప్పేదాకా లేచేవాడు కాదు. జనం నవ్వేవాళ్లు, చప్పట్లు కొట్టేవాళ్లు. కానీ వినేవాళ్లు. రబ్బరు మనిషి చస్తే ఎవరికీ పట్టదు గాని, డాక్టరు చచ్చినట్టు నటిస్తే అందరికీ వేడుకే.

ఆయన బోధనకు కావలసిన మందులు ఎవరూ ఇవ్వలేదు. అసలు మందులు రోగులకే చాలడం లేదన్నారు. అందుకని ఆయన ఇంజెక్షన్లలో కలిపే పరిశుద్ధమైన నీళ్ల ఆంపూల్స్, అంటే మెడ విరిచి వాడే చిన్న గాజు సీసాలు, తెచ్చి వాటి మీద తన చేత్తో కాగితం ముక్కలు అంటించాడు. ఒకదాని మీద అడ్రినలిన్, ఒకదాని మీద అట్రోపిన్, ఇంకోదాని మీద ఇంకోటి. స్టీలు ట్రేలో వరసగా పేర్చాడు. నా తొడల్లోకి ఎక్కిందంతా ఆ నీళ్లే. ఆయన ప్రతి క్లాసు మొదట్లోనూ ఆ మాట చెప్పేవాడు. ఆలస్యంగా వచ్చినవాళ్లు వినేవాళ్లు కాదు. ముందే వచ్చినవాళ్లు మరిచిపోయేవాళ్లు.

నేను చెప్పదలచుకున్న రోజు మంచి ఎండాకాలం. గదిలో రెండు ఫ్యాన్లు తిరుగుతున్నా గాలి మాత్రం కదలడం లేదు. భుజంగరావు గారు అప్పుడే థియేటరు నుంచి నేరుగా వచ్చాడు. ముందురోజు సాయంత్రం మొదలైన కేసులు తెల్లారాక గాని తెమల్లేదట. నడుం పట్టేసి, బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా ఇరవైమంది దాకా ఉన్నారు. వాళ్లలో ఇద్దరి గురించి మీకు చెప్పాలి.

ఒకామె గౌరీశ్వరి. సాలూరు పైన కొండ ఊళ్లలో తిరిగే ఏఎన్ఎం. నలభై దాటిన మనిషి, ఎండకు కమిలిన మొహం, కాళ్లకు రబ్బరు చెప్పులు. భుజాన టీకాల సంచితోనే వచ్చింది. అందులో ఒక చిన్న పెట్టె ఉంటుంది. టీకా పడక ఏ బిడ్డకైనా ప్రాణం మీదికి వస్తే వెంటనే ఇవ్వడానికి అసలు అడ్రినలిన్, సూదులు. ఆ పెట్టెలో గడువు తీరిపోతున్న మందు మార్పించుకోవాలని మందుల స్టోరుకు వెళ్లి, మార్పించుకుని, అటునుంచి అటే క్లాసుకు వచ్చింది. ఇన్నేళ్ల సర్వీసులో ఆ మందును కొండలెక్కించింది, దించింది. ఒక్కసారీ వాడింది లేదు.

రెండో మనిషి తవిటినాయుడు. ఒక ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టు. బొద్దుగా, నవ్వుతూ, అందరికీ కావలసినవాడు. అతని చొక్కా జేబు ఒక చిన్న మందుల షాపు. నన్ను ముట్టుకోమంటే మాత్రం వెనక్కి తగ్గేవాడు. "నాను కౌంటరు వెనకాల మడిసిని సార్. సీటీ సూసి మాత్రలిచ్చీడమే. ఈ సావుబతుకులు నావల్ల కాదు," అని నవ్వించి తప్పించుకునేవాడు.

పొద్దున భుజంగరావు గారు మందు పడకపోవడం గురించి చెప్పాడు. "మందుకో, తేనెటీగ కాటుకో, తిన్న తిండికో ఒక్కోసారి ఒళ్లు తిరగబడుతుంది. దద్దుర్లు లేస్తాయి. పెదవులు వాస్తాయి. గొంతు బిగిసి పిల్లికూతలు వస్తాయి. బీపీ జారిపోతుంది. ఊరికే కళ్లు తిరిగి పడ్డవాడైతే తెల్లగా, చల్లగా అయిపోతాడు. పడుకోబెట్టి కాళ్లెత్తితే తేరుకుంటాడు. వీడు తేరుకోడు. వీడికి ముందు కావలసింది అడ్రినలిన్. తొడకి బయటివైపు, మధ్యలో, కండలోకి. దురద ఇంజెక్షన్లు, సెలైన్లు అన్నీ దాని తర్వాతే."

గౌరీశ్వరి లేచి నిలబడింది. "సార్, ఆ మందిస్తే గుండె ఆగిపోతాదేమోనండి? మా పెద్ద సిస్టరు ముట్టుకోనిచ్చీవారు కాదండి."

భుజంగరావు గారు కళ్లు నులుముకున్నాడు. ఈ ప్రశ్న ఆయన ప్రతి క్లాసులోనూ వింటాడు. "నరంలోకి గబుక్కున తోసేస్తే ప్రమాదమమ్మా. కండలోకి, చెప్పినంత మోతాదులో ఇస్తే భయం లేదు. ఇవ్వకుండా భయపడి కూర్చుంటేనే మనిషి పోతాడు. రా, రబ్బరయ్యకి ఇవ్వు."

ఆమె చాప మీద నా పక్కన మోకాళ్లేసి కూర్చుంది. ట్రేలో అడ్రినలిన్ అని రాసున్న నీళ్ల ఆంపూల్ తీసుకుని, మెడ విరిచి, సూదిలోకి ఎక్కించింది. చెయ్యి వణికి సూది నా మోకాలి దగ్గర దిగింది. "మళ్లీ," అన్నాడాయన. రెండోసారి కాస్త పైకొచ్చింది. "మళ్లీ." ఆ ట్రే దగ్గరికీ, నా తొడ దగ్గరికీ ఆమె చెయ్యి అలా ఎన్నోసార్లు తిరిగింది. చివరికి చూడకుండానే వెళ్లి వస్తోంది. అదే కావాలన్నాడు భుజంగరావు గారు. కంగారులో బుర్ర పనిచెయ్యకపోయినా చెయ్యి పనిచెయ్యాలట.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. భుజంగరావు గారు నడుం మీద చేతులేసుకుని మూలుగుతూ కుర్చీలో కూలబడ్డాడు. తవిటినాయుడు చూశాడు.

"ఏటి సార్, నడుం పట్టీసినాదా? ఇదుగో, ఇది ఏసుకోండి. పావుగంటలో దిగిపోద్ది," అని జేబులోంచి ఒక మాత్ర చింపి ఇచ్చాడు.

డాక్టరుగారు చెయ్యి చాపి తీసుకున్నాడు. పేరేమిటని అడగలేదు. ఏ మందైనా పేరు అడగకుండా, పడుతుందో లేదో తెలుసుకోకుండా ఎవరికీ ఇవ్వవద్దని పొద్దున్నే గొంతు చించుకుని చెప్పిన మనిషి, గుక్కెడు నీళ్లతో దాన్ని మింగేశాడు. అలసట మనుషుల చేత చేయించే పనులకు అంతుండదు.

కాసేపటికి క్లాసు మళ్లీ మొదలైంది. తిన్న మత్తులో సగంమంది కునికిపాట్లు పడుతున్నారు. భుజంగరావు గారు బోర్డు మీద ఏదో రాస్తూ మెడ గోక్కున్నాడు. మళ్లీ గోక్కున్నాడు. అరచేతులు ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు. తర్వాత దగ్గు. చొక్కా పై గుండీ విప్పుకుని, సుద్దముక్క జారవిడిచి, బల్లకి ఆనుకున్నాడు.

ముందు వరసలో ఎవరో నవ్వారు. "మొదలెట్టీసినారు డాక్టరుగారు!"

కునుకుతున్నవాళ్లు లేచి సర్దుకుని కూర్చున్నారు. "ఎలర్జీ షాక్ సార్!" అని ఒక నర్సు గట్టిగా జవాబు చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. భుజంగరావు గారు చెయ్యెత్తి ఏదో అనబోయాడు. గొంతులోంచి సన్నటి ఈల తప్ప మాట రాలేదు. చప్పట్లు ఇంకా పెద్దవయ్యాయి. అంత బాగా ఆయన ఎప్పుడూ నటించలేదు.

నేను చాప మీద, ఆయన కాళ్ల దగ్గర పడుకుని ఉన్నాను. కింది నుంచి ఆయన మొహం కనిపిస్తోంది. నాకు చావులు కొత్త కాదు. కానీ అవన్నీ నావి, రబ్బరువి. ఇది వేరేగా ఉంది. చప్పట్ల మధ్య, ఆ మనిషి కళ్లలో ఇరవైమంది ఎదుట ఒంటరిగా మిగిలిపోయిన భయం కనిపించింది. నాకు నోరు తెరిచే ఉంటుంది. దాంట్లోంచి మాటే రాదు.

గౌరీశ్వరి నవ్వలేదు. పిల్లలకు టీకా వేసి, అరగంట సేపు వాళ్ల మొహాలే చూస్తూ కూర్చునే అలవాటున్న మనిషి ఆమె. లేచి ముందుకొచ్చింది. ఆయన మెడ మీద ఎర్రగా, ఉబ్బెత్తుగా దద్దుర్లు లేస్తున్నాయి. కింది పెదవి లావెక్కి పక్కకు వేలాడింది.

"చప్పట్లాపండి!" అని అరిచింది. "ఇది నాటకం కాదు. పెదవి సూడండి, పెదవి! ఎవులైనా నటిస్తే పెదవి వాస్తాదా?"

ఆ మరుక్షణం అందరూ లేచారు. అందరూ ఏదో ఒకటి అరిచారు. "ఆసుపత్రికి నడిపించుకుపోదాం, పక్కనేగా," అని ఇద్దరు ఆయన చంకల కింద చేతులేశారు. ఆయన కూడా నిలబడబోయాడు. నిలబడగానే కళ్లు తేలిపోయాయి, కాళ్లు మడతపడ్డాయి.

"నిలబెట్టకండి! పడుకోబెట్టండి!" అంది గౌరీశ్వరి. "ఒకలు ఆసుపత్రికి పరిగెట్టండి. ఆక్సిజన్ తెమ్మనండి. బేగి!"

నన్ను పక్కకు తోసి, నా చాప మీదే ఆయన్ను పడుకోబెట్టారు. వీపు కింద నా దిండు పెట్టి తల కాస్త ఎత్తారు, కాళ్ల కింద కుర్చీ బోర్లించారు. నా మొహమూ ఆయన మొహమూ పక్కపక్కనే. ఆయన ఊపిరి నా చెంపకు తగులుతోంది. ఊపిరి అంటే అదేనని నాకు అప్పుడే తెలిసింది. నా సంచుల్లోకి ఎవరెవరో ఊదింది అది కాదు.

గౌరీశ్వరి ఆయనకు అవతలివైపు మోకాళ్లేసింది. ఆమె చెయ్యి సూటిగా స్టీలు ట్రేలోకి పోయింది. అడ్రినలిన్ అని రాసున్న ఆంపూల్ తీసింది, విరిచింది, సూదిలోకి లాగింది. ఈసారి చెయ్యి వణకలేదు. పంట్లాం మీదినుంచే తొడ మధ్యలో, బయటివైపు, నిటారుగా గుచ్చి మందు తోసింది. పొద్దున నా మీద నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చేసింది. అంత చక్కగా ఇంజెక్షన్ ఇచ్చినవాళ్లను నేను చూడలేదు.

అందులో ఉన్నది నీళ్లు.

నాకు తెలుసు. నా తొడల నిండా ఉన్నవి అవే. అరవగలిగితే అరిచేవాణ్ణి. జీవితంలో ఒక్కసారి ఎవరైనా నన్ను మాట్లాడనిస్తే ఆ ఒక్క మాటకే అడిగేవాణ్ణి.

"ఇచ్చీసినాను సార్, ఇచ్చీసినాను. తగ్గిపోద్ది," అంటూ ఆమె ఆయన నాడి పట్టుకుంది. తగ్గలేదు. నాడి దారప్పోగులా జారిపోతోంది. ఈల శబ్దం ఇంకా సన్నగా అయింది. దద్దుర్లు చేతుల మీదికి పాకాయి. ఆమె మొహంలో రంగు మారింది. మందు ఇచ్చాక కూడా పనిచెయ్యకపోతే ఇంక ఏం చెయ్యాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అప్పుడు భుజంగరావు గారు పెదవులు కదిపాడు. "నీ... నీళ్లు..."

"నీళ్లడుగుతున్నారు! నీళ్లు తెండి!" అని ఎవరో పరిగెత్తారు. గ్లాసు వచ్చింది. తవిటినాయుడే మోకాళ్ల మీద కూర్చుని దాన్ని ఆయన నోటికి పెట్టబోయాడు. ఆయన తల పక్కకు తిప్పాడు. గ్లాసు నా మొహం మీద ఒలికింది.

"నీళ్లు," అన్నాడు మళ్లీ. చెయ్యి నేల మీద పాకింది. ట్రే అంచు దొరికింది. బలమంతా కూడదీసుకుని దాన్ని ఒక్క తోపు తోశాడు. ఆంపూల్స్ గలగలమని దొర్లాయి.

గౌరీశ్వరి ఆ దొర్లుతున్న సీసాల వంక చూసింది. ఒకదాని కాగితం ఊడి పక్కకు పడింది. ఆమె నోటి మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో బాబూ! నీళ్లిచ్చీసినాను!"

ఒక్క ఉదుటున లేచి కుర్చీ కిందున్న సంచి లాక్కొచ్చింది. జిప్పు ఇరుక్కుంది. పళ్లతో లాగింది. టీకాల కార్డులు, దూది, గొడుగు అన్నీ నేల మీద పోసి ఆ చిన్న పెట్టె బయటికి తీసింది. "ఇది పిల్లలకండి... పెద్దోలకెంత, పెద్దోలకెంత..." అని గొణుక్కుంది.

"అర... అర..." అన్నాడాయన. అప్పటికి కళ్లు మూతలు పడుతున్నాయి.

అర మిల్లీలీటరు. పొద్దున ఆయన బోర్డు మీద రాసింది ఇంకా చెరగలేదు. ఎవరో అది చూపించి గట్టిగా చదివారు. ఆమె గోధుమరంగు గాజు ఆంపూల్ మెడ విరిచింది. వేలు తెగి రక్తం వచ్చింది. చూసుకోలేదు. లాగింది, బుడగ తీసింది, గుచ్చింది.

తర్వాత గదిలో ఆ ఈల ఒక్కటే వినిపించింది. అది కొంచెం కొంచెంగా లావైంది. గరగర అయింది. తర్వాత దగ్గు. ఆ దగ్గు వెనకాల ఒక పెద్ద ఊపిరి లోపలికి పోయింది. గౌరీశ్వరి చేతికింద నాడి మళ్లీ దొరికింది. "ఉన్నాది," అంది. ఆ ఒక్క మాట తనకే చెప్పుకున్నట్టు నాలుగైదుసార్లు అంది. "ఉన్నాది. ఉన్నాది."

ఆసుపత్రివాళ్లు ఆక్సిజన్ సిలిండరుతో, స్ట్రెచరుతో వచ్చారు. ఆమె చెప్పింది విని అక్కడే రెండోసారి అడ్రినలిన్ ఇచ్చి, సెలైన్ పెట్టి తీసుకుపోయారు. వాళ్ల వెనకాలే అందరూ పోయారు. గదిలో ఆమె, నేను మిగిలాం. గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చుంది. తెగిన వేలి రక్తం చీరకు తుడుచుకుంది. గుమ్మం బయట తవిటినాయుడు నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు.

"మాత్ర నానిచ్చిందే మేడమ్," అన్నాడు.

ఆమె తలెత్తి చూసింది. తిట్టలేదు, ఓదార్చలేదు. ఆ రెండింటికీ ఓపిక లేదు. "అయితే బేగి ఎల్లి ఆ మాత్ర పేరు ఆలకి సెప్పండి నాయుడుగారూ," అంది. అతను పరిగెత్తాడు. బొద్దు మనిషి అంత వేగంగా పరిగెత్తడం అంతకు ముందు నేను చూడలేదు.

భుజంగరావు గారు బతికాడు. రెండు రోజులు వార్డులో ఉంచారు. ఈలోగా ఒక అధికారి వచ్చి, పిల్లల టీకాలకిచ్చిన మందును పెద్దవాళ్లకు వాడటానికి అనుమతి ఎవరిచ్చారని గౌరీశ్వరిని అడిగాడట. వార్డులోంచి కబురు వెళ్లింది: "ఆ పెద్దవాణ్ణి నేనే. నన్ను అడగమనండి." తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు.

ఆయన మళ్లీ క్లాసుకు వచ్చేసరికి సన్నబడ్డాడు. ఆ రోజు ముందుగా చేసిన పని, ట్రేలోని ఆంపూల్స్ కాగితాలన్నీ గోటితో పీకెయ్యడం. ఒక్కోదాని మీద ఎర్ర సిరాతో 'ఇది నీళ్లు' అని రాశాడు. అసలు మందు పెట్టె ఒకటి పోట్లాడి తెప్పించి గోడకు మేకు కొట్టి వేలాడదీశాడు. ఆ తర్వాత ఎప్పుడూ నటించలేదు. మెడ దురద పెట్టినా గోక్కునేవాడు కాదు. నటించకపోయేసరికి జనం మళ్లీ కునకడం మొదలుపెట్టారు. ఆయన చూసీ చూడనట్టు చెప్పుకుంటూ పోయేవాడు. ఒక్కోసారి మధ్యలో ఆగి నావైపు చూసేవాడు. సాయంత్రాలు మాత్రం ఇదివరకటిలా మాట్లాడేవాడు కాదు. పక్కన పడుకుని చూసినవాడితో ఇంక చెప్పడానికేముంటుంది?

పదవీ విరమణకు ముందు గౌరీశ్వరిని పిలిపించి, శిక్షణ ఇచ్చేవాళ్లలో చేర్పించాడు. ఆమె ఒప్పుకోలేదు మొదట. "నాను నీళ్లిచ్చిన మడిసిని సార్," అంది. "అందుకేనమ్మా," అన్నాడు. నెలకు రెండు రోజులు కొండ దిగి వచ్చి క్లాసు చెప్పేది. ఎవరి నుంచీ నవ్వు రప్పించే ప్రయత్నం చేసేది కాదు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి చాప మీద కూర్చోబెట్టేది.

నా స్ప్రింగు తెగిపోయింది. తొడ స్పాంజి చిల్లులు పడి, నీళ్లు ఎక్కిస్తే ఎక్కించినట్టే కారిపోసాగింది. కొత్త బొమ్మ వచ్చింది. దానికి కరెంటు ఉందట, గుండె కొట్టుకుంటుందట, బాధపడితే మూలుగుతుందట. పాడవుతుందని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళం చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. నన్ను మెట్ల కింద గదిలో, విరిగిన స్టూళ్ల మధ్య, పాత స్టెరిలైజరు పక్కన పడేశారు. పాత సామాన్లవాడు ఎప్పుడొచ్చినా నన్ను తూచడానికి సిద్ధంగా ఉన్నాను. బాధ లేదు. నిజం చెప్పాలంటే, తలుపు మూసిన చీకట్లో మొదటిసారి నాకు కళ్లు మూసుకున్నట్టే ఉంది.

మొన్న ఒక సాయంత్రం ఆ తలుపు తెరుచుకుంది. గౌరీశ్వరి, ఆమె వెనకాల తవిటినాయుడు. అతన్ని చూసి చాలాకాలమైంది. జుట్టు నెరిసింది. చొక్కా జేబు ఖాళీగా ఉంది.

"కొత్తదానికి తాళం ఉన్నాది నాయుడుగారూ. ఇదే గతి," అందామె.

"పరవానేదు మేడమ్. ఇదే కావాల నాకు."

ఇద్దరూ కలిసి నన్ను ఈడ్చి వరండాలో పడుకోబెట్టారు. అతను జేబురుమాలుతో నా మొహం మీది బూజు తుడిచాడు. పెద్ద ఒంటిని అతి కష్టం మీద వంచి మోకాళ్లేశాడు. ఎర్ర సిరా రాత ఉన్న ఆంపూల్ విరిచాడు. నా తొడ దాకా తెచ్చిన చెయ్యి అక్కడ ఆగిపోయింది.

"ఆ రోజు మీరు నేకపోతే ఏటయ్యీదో, ఇప్పటికీ నిద్దట్లో అదే వొస్తాది మేడమ్," అన్నాడు. "గ్లాసు పట్టుకుని కూకున్నాను. నీళ్లు తాగించబోనాను. మాత్రలోడిని, నాకు ఇంకేటీ తెల్దు."

"తెల్దంటే తెలిసేదాకా గుచ్చండి," అంది గౌరీశ్వరి.

మొదటిది స్పాంజి లోపలి ప్లాస్టిక్ ఎముకకు తగిలింది. రెండోది మోకాలి పక్కన దిగింది. "మళ్లీ," అందామె. నీళ్లు నా చిల్లుల్లోంచి వరండా గచ్చు మీదికి కారి కాలువ కట్టాయి. ఆమె కొండ బస్సుకు వేళవుతోంది. ఆ మాట చెప్పింది కూడా. అతను తల అడ్డంగా ఊపాడు. "ఇంకొక్కసారి మేడమ్. ఒక్కసారి."

ఆమె సంచి కింద పెట్టి మెట్టు మీద కూర్చుంది. అతను చొక్కా చేతితో చెమట తుడుచుకుని, నా తుంటి మీద ఒక అరచెయ్యి, మోకాలి మీద ఒక అరచెయ్యి ఉంచి, మధ్య చోటు కోసం వెతికాడు. నాకు చాలా అలసటగా ఉంది. మెల్లగా, తొందరపడకుండా, సరైన చోట అతని వేలు ఆగింది.